ముందు మానిటర్ సంగతి తేల్చండి
(మధ్యస్థాయి గేమింగ్ కంప్యూటర్‌కు విడిభాగాల ఎంపికపై చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే.

ఇందాక లోపలికొస్తుంటే తలుపు దగ్గరే ఒకతను నన్ను ఆపాడు. ఫోన్ తీసి చూపించి, "సార్, ఈ ప్రాసెసర్‌కీ ఈ కార్డుకీ కలిపితే 14 శాతం బాటిల్‌నెక్ అని చూపిస్తోంది, కొనొచ్చా?" అన్నాడు. ఏ ఆటలు ఆడతావు బాబూ అని అడిగాను, చెప్పాడు. మానిటర్ ఏదీ అంటే, "అది ఇంకా అనుకోలేదు సార్, చివర్లో మిగిలిన డబ్బుల్తో ఏదో ఒకటి" అన్నాడు. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ "ఏదో ఒకటి" గురించే. అతను ఎక్కడో ఇక్కడే కూర్చున్నాడు, పేరు చెప్పను లెండి. (నవ్వులు)

ముందుగా ఆ 14 శాతం సంగతి. బాటిల్‌నెక్ అంటే ఒక భాగం నిదానంగా ఉండి మిగతావాటిని ఆపెయ్యడం. ఆ అంకెకి అర్థం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే తెర మీద ఒక్క ఫ్రేము, అంటే ఒక్క బొమ్మ, ఎలా తయారవుతుందో చూడాలి.

మీరు ఆటలో మౌస్ కదిపారు. వెంటనే ప్రాసెసర్ లెక్కల్లో పడుతుంది. శత్రువు ఎటు కదిలాడు, తూటా ఎవరికి తగిలింది, గోడ కూలితే రాళ్లు ఎక్కడ పడాలి, వీటిలో తెర మీద కనపడేవి ఏవి. ఆ పట్టీ అంతా తయారు చేసి గ్రాఫిక్స్ కార్డుకి అందిస్తుంది. కార్డు దాన్ని పట్టుకుని రంగులు, వెలుగునీడలు, పిక్సెళ్లు నింపుతుంది. ఒకడు ప్లాను గీసేవాడు, ఇంకొకడు గోడ కట్టే మేస్త్రీ అనుకోండి. మేస్త్రీ ఈ గోడ మీద ఉండగానే ప్లాను గీసేవాడు తర్వాతి గోడకి గీత మొదలుపెడతాడు. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో గోడకీ ఇద్దరికీ ఉండే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 6.9 మాత్రమే. ఇద్దరిలో ఎవరు నిదానమో, మొత్తం పని వాడి నడకే నడుస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. గోడ పెద్దదైతే మేస్త్రీకి పని పెరుగుతుంది గానీ, ప్లాను గీసేవాడికి దాదాపుగా పెరగదు. 1080పీ తెర మీద ఉండే పిక్సెళ్లు సుమారు 20 లక్షల 73 వేలు. 1440పీకి వెళ్తే 36 లక్షల 86 వేలు. 4కే అయితే 82 లక్షల 94 వేలు, అంటే 1080పీకి సరిగ్గా నాలుగింతలు. శత్రువు ఎక్కడున్నాడనే లెక్క మాత్రం ఏ తెర మీదైనా ఒకటే. అందుకే అదే ప్రాసెసర్, అదే కార్డు ఒక మానిటర్ ముందు పెడితే ప్రాసెసర్ వెనకబడుతుంది, ఇంకో మానిటర్ ముందు పెడితే కార్డు వెనకబడుతుంది. మానిటర్ ఏదో, ఆట ఏదో అడక్కుండా శాతం చెప్పేవాడు చెయ్యి చూడకుండా జాతకం చెప్పేవాడితో సమానం.

అందుకని కొనే వరసలో మానిటర్ మొదటిది. మధ్యస్థాయి అన్నప్పుడు నా దృష్టిలో రెండు దారులున్నాయి. ఒకటి, 1080పీ, 144 హెర్ట్జ్ (సెకనుకి అన్నిసార్లు బొమ్మ మార్చే తెర) లేదా అంతకు పైన. వేగంగా కాల్చుకునే పోటీ ఆటలు ఎక్కువగా ఆడేవాళ్లకి ఇది. రెండోది 1440పీ. కథ ఉన్న ఆటలు, పెద్ద పెద్ద లోకాలు తిరిగి చూసే ఆటలు ఇష్టపడేవాళ్లకి అది. మొదటి దారిలో ప్రాసెసర్ మీద భారం ఎక్కువ, రెండో దారిలో కార్డు మీద. మీరు పట్టణాలు కట్టే ఆటలూ, సైన్యాలు నడిపే ఆటలూ ఆడే రకమైతే ఏ తెరైనా సరే ప్రాసెసర్‌కి పని తప్పదు. వేల మంది జనం ఎవరి దారిన వాళ్లు తిరుగుతుంటే ఆ లెక్కలన్నీ దానివే కదా.

ఒక మెలిక కూడా చెప్పాలి. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ అని ఆటల సెట్టింగుల్లో చూస్తారు. ఇవి చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి చూపించే పద్ధతులు. 1440పీ మానిటర్ మీద డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ పెడితే లోపల గీసే బొమ్మ సుమారు 1707 బై 960. అంటే 16 లక్షల పిక్సెళ్ల పైచిలుకు, 1080పీ కన్నా తక్కువ! "నాది 1440పీ మానిటర్, ప్రాసెసర్ ఎలాంటిదైనా పర్లేదు" అనుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. మేస్త్రీ పని తగ్గింది, ఫ్రేములు పెరిగాయి, ప్లాను గీసేవాడు చెమటలు కక్కుతున్నాడు.

బాటిల్‌నెక్ అనే మాటకే చాలామంది హడలిపోతారు. అది లేని కంప్యూటర్ ఉండదండీ. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి నిదానంగా ఉండి తీరుతుంది. అది ఎక్కడ ఉండాలో మనం నిర్ణయించుకోవడమే పొంతన అంటే. నన్నడిగితే అది గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉండాలి. కార్డు వెనకబడితే ఫ్రేములు తగ్గుతాయి గానీ వరసగా, ఒకే తూకంలో వస్తాయి. నీడల నాణ్యత ఒక మెట్టు దించితే సర్దుకుంటుంది. ప్రాసెసర్ వెనకబడితే అలా కాదు, ఆట కుదుపులు కుదుపులుగా నడుస్తుంది. సగటు 90 ఫ్రేములు చూపిస్తుంటుంది, కానీ మూల తిరిగిన ప్రతిసారీ ఒక్క ఫ్రేము 50 మిల్లీసెకన్లు పట్టేస్తుంది. కంటికి ఆ ఒక్కటే గుచ్చుకుంటుంది. సెట్టింగుల్లో ఎన్ని తగ్గించినా అది పెద్దగా మారదు. రివ్యూలు చూసేటప్పుడు సగటు పక్కన "1% లో (low)" అని ఇంకో అంకె ఇస్తారు, అన్నిటికన్నా నిదానంగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది. నేను ముందు దాన్నే చూస్తాను. సగటుకీ దానికీ మధ్య దూరం ఎంత తక్కువైతే ఆట అంత నున్నగా సాగుతుంది.

సరే, కార్డు దగ్గరికొద్దాం. మానిటర్ కాకుండా పెట్టెలోని భాగాలకి పెట్టే డబ్బు వంద అనుకుంటే 35 నుంచి 45 దాకా కార్డుకి పోనివ్వండి. ఇది శాసనం కాదు, ఇన్నేళ్లుగా స్నేహితులకి బిగించి ఇస్తూ నేను కట్టుకున్న లెక్క. సగం దాటిందంటే మాత్రం మిగతా భాగాల్లో ఏదో ఒకదాని గొంతు నొక్కుతున్నట్టే.

కార్డులో అందరూ వేగం చూస్తారు, మెమరీని వదిలేస్తారు. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ ఉంది. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060కి 8 జీబీయే. మామూలుగా 4060దే పైచేయి, కరెంటు కూడా తక్కువ తాగుతుంది, 170 వాట్లకి బదులు 115. కానీ టెక్స్చర్లు (గోడలకీ వస్తువులకీ అతికించే బొమ్మలు) పైమెట్టులో పెట్టి, రే ట్రేసింగ్ (వెలుగు నిజంగా ఎలా పడుతుందో లెక్కగట్టే పద్ధతి) కూడా వేస్తే కొన్ని కొత్త ఆటలకి 8 జీబీ చాలదు. చాలనప్పుడు ఏమవుతుంది? మిగిలింది ర్యామ్‌లోకి పొంగుతుంది, ప్రతిసారీ మదర్‌బోర్డు దారి గుండా వెళ్లి తెచ్చుకోవాలి. అప్పుడు ఫ్రేములు నెమ్మదిగా తగ్గవు, ఉన్నట్టుండి కుప్పకూలతాయి. కొన్ని ఆటలైతే కూలవు గానీ, గోడలమీద బొమ్మలు అలికినట్టు కనిపిస్తాయి. మీరు ఆట బాగాలేదనుకుంటారు. 1080పీకి 8 జీబీతో సర్దుకోవచ్చు, టెక్స్చర్లు ఒక మెట్టు దించుకోవడానికి సిద్ధపడితే. 1440పీకి ఇవాళ కొత్తగా కొనేవాళ్లకి మాత్రం 12కి తక్కువ వద్దంటాను. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ లాంటివి ఒకే పేరు మీద 8, 16 జీబీల్లో రెండు రకాలుగా వస్తున్నాయి. పేరు చూసి కొనేసి, పెట్టె విప్పాక అంకె చూసుకునేవాళ్లున్నారు. జాగ్రత్త.

ఆ మదర్‌బోర్డు దారి అన్నాను కదా, దాని మీద ఒక కథ ఉంది. 2022లో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అని ఒక చవక కార్డు వచ్చింది. మెమరీ 4 జీబీ, బోర్డుతో మాట్లాడుకోవడానికి నాలుగే లేన్లు. ఆ దారి పేరే పీసీఐఈ. కొత్త పీసీఐఈ 4.0 బోర్డులో పెడితే పర్వాలేదనిపించింది. పాత 3.0 బోర్డులో పెడితే దారి సగానికి సగం ఇరుకైపోయి, మెమరీ నిండిన ఆటల్లో బాగా వెనకబడింది. ఇప్పుడు ఆలోచించండి, చవక కార్డు కొనేది ఎవరు? పాత బోర్డు ఉన్నవాళ్లే! ఎవరికోసం చేశారో వాళ్లకే అచ్చిరాని కార్డు. విడిగా చూస్తే ఏ భాగానికీ వంక పెట్టలేం, జత కుదరకపోతేనే చిక్కంతా.

ప్రాసెసర్‌లోనూ ఇలాంటి ఉచ్చు ఉంది. రైజెన్ 5 5600 అని ఒకటి, రైజెన్ 5 5600జీ అని ఇంకోటి. రెండింటికీ ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు). జీ ఉన్నదానికి గ్రాఫిక్స్ లోపలే ఉంది కాబట్టి అదే మేలు రకమనుకుని విడి కార్డు పక్కన పెట్టేవాళ్లని చూశాను. దాని ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ, 16 ఎంబీ, మామూలు 5600కి 32. పైగా జీ రకం పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది. విడి కార్డు ఎలాగూ ఉందంటే, జీ కోసం ఇచ్చిన సౌకర్యం వాడరు, దానికోసం కోసేసిన క్యాష్‌ని మాత్రం పోగొట్టుకుంటారు.

ఆటలకి క్యాష్ ఎందుకంత ముఖ్యమంటే, ఆటలో లెక్కలు చిన్నచిన్నవి, చెల్లాచెదురుగా ఉంటాయి. ప్రతిదానికీ ర్యామ్ దాకా పరిగెత్తాలంటే ప్రాసెసర్ సగం సేపు ఎదురుచూడ్డంలోనే గడుపుతుంది. ఏఎండీ వాళ్లు 2022లో 5800ఎక్స్3డీ అని తెచ్చారు. ఎనిమిది కోర్లే, గడియారం వేగం దాని అన్నలాంటి 5800ఎక్స్ కన్నా తక్కువే, కానీ క్యాష్ మీద ఇంకో అంతస్తు వేసి 96 ఎంబీ చేశారు. ఆటల్లో అది చాలా ఖరీదైన ప్రాసెసర్ల పక్కన నిలబడింది. ఇంకో విశేషం, 2017 నాటి బోర్డుల్లో చాలావాటిమీద బయోస్ (బోర్డులో ఉండే మూల ప్రోగ్రాం) అప్‌డేట్ చేసుకుని దాన్ని బిగించుకోగలిగారు. అయిదేళ్ల నాటి బోర్డు! సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, ఎన్నాళ్లుంటుందో చూసుకోమని అందుకే అంటాను. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ 12, 13, 14 తరాలతో ముగిసింది. దానిమీద ఐ5-12400ఎఫ్ లాంటివి ఇప్పటికీ మంచి పనిమంతులే, కాకపోతే ముందుకి దారి కొద్దిదే. తమ ఏఎం5 సాకెట్‌కి 2027, ఆ తర్వాత కూడా మద్దతిస్తామని ఏఎండీ చెప్పింది. రైజెన్ 5 7600తో మొదలుపెట్టి, నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది.

కోర్లు ఆరు చాలు. ఎనిమిదికి వెళ్లే డబ్బు కార్డుకి ఇవ్వండి. ఆట ఆడుతూనే రికార్డు చేసి, వీడియోలు ఎడిట్ చేసుకునే పని మీకుంటే అది వేరే లెక్క.

ర్యామ్ 16 జీబీ అడుగుమెట్టు. 32 హాయి. కానీ జీబీల కన్నా నేను మొత్తుకునేది ర్యామ్ రెండు ముక్కలుగా కొనడం గురించి. 16 జీబీది ఒకటే పెడితే డీడీఆర్4-3200 ఇచ్చే దారి సెకనుకి 25.6 జీబీ. 8 జీబీవి రెండు పెడితే 51.2. జీబీలు మారలేదు, దారి రెట్టింపైంది. "తర్వాత ఇంకోటి కొనుక్కుంటాలే" అని ఒక్కటే కొన్నవాళ్లు ఆ తర్వాత ఎప్పుడూ కొనరు, నాకు తెలుసు. (నవ్వులు) నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ వాడండి. బిగించాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయండి, ర్యామ్‌ని దానిమీద రాసిన వేగానికి తెచ్చే సెట్టింగులివి. చేయకపోతే 6000 అని డబ్బు పోసి కొన్న డీడీఆర్5 కూడా 4800 దగ్గరే కునుకు తీస్తుంటుంది. ఏఎం5కి 6000, సీఎల్30 (ర్యామ్ జవాబివ్వడంలో ఆలస్యం చెప్పే అంకె) దగ్గర ఆగిపోవచ్చు, అంతకన్నా పైకెళ్తే ఖర్చే ఎక్కువ కనపడుతుంది.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే అన్ని భాగాలకీ కరెంటు అందించే యూనిట్. దీనిగురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే దీనిచేత నేను ఏడ్చాను. నా మొదటి గేమింగ్ పెట్టెకి డబ్బంతా తీసుకెళ్లి కార్డు మీద పోశాను. ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటే వచ్చింది, మీద 500 అని పెద్ద అక్షరాలతో రాసుంది, నాకంతకన్నా ఏం కావాలి? ఆట మొదలెట్టిన ఇరవై నిమిషాలకి టప్‌మని మొత్తం ఆరిపోయేది. కార్డు పోయిందనుకున్నాను. విండోస్ రెండుసార్లు మళ్లీ ఎక్కించాను. ర్యామ్ ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి మార్చి చూశాను. నెల తర్వాత ఒక పెద్దాయన వచ్చి, పెట్టె పక్కకి తిప్పి, ఎస్‌ఎంపీఎస్ మీదున్న చిన్న అక్షరాల స్టిక్కరు చదవమన్నాడు. 12 వోల్టుల లైను మీద 18 ఆంపియర్లు. పన్నెండు పద్దెనిమిదులు 216. కార్డూ ప్రాసెసరూ బతికేది ఆ 12 వోల్టుల మీదే. మిగతా వాట్లన్నీ ఎవరికీ అక్కర్లేని లైన్లమీద చూపించిన గొప్పలు.

కాబట్టి పెద్ద అంకె కాదు, 12 వోల్టుల గడి చూడండి. దానిమీద బ్రాంజ్, గోల్డ్ అని 80 ప్లస్ ముద్ర ఉంటుంది, అదీ నాణ్యతకి హామీ కాదు. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత పనికొస్తుందో, ఎంత వేడిగా పోతుందో చెప్పేదే అది. సగం లోడు దగ్గర బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం, 115 వోల్టుల పరీక్షలో. ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయా, వారంటీ ఎన్నేళ్లు, విప్పి పరీక్షించిన రివ్యూలేమంటున్నాయి, ఇవి చూడాలి. వాట్లు మరీ ఎక్కువ అక్కర్లేదు. 4060 కార్డు 115, 65 వాట్ల తరగతి ప్రాసెసర్ గట్టిగా లాగితే 90 లోపు, మిగతావన్నీ కలిపి ఇంకో 50. మంచి 550 వాట్ల యూనిట్ దానికి ధారాళం. ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ అయితే ఒక్కటే 263 వాట్లు లాగుతుంది, అప్పుడు 700 వైపు చూడాలి. కార్డులు మిల్లీసెకన్ల పాటు చెప్పినదానికన్నా చాలా ఎక్కువ గుంజుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఆ క్షణిక కుదుపుల్ని తట్టుకోవడాన్ని నిబంధనల్లోకి తెచ్చింది. కొత్తగా కొంటే ఆ రాత ఉన్నదే తీసుకోండి.

మదర్‌బోర్డు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బీ వరస చాలు: బీ550, బీ650, బీ760. జెడ్ వరస తీసుకుని ఓవర్‌క్లాక్ (వేగాన్ని మామూలుకన్నా పైకి పెంచడం) చేయని ప్రాసెసర్ పెట్టడం వృథా. హెచ్610 లాంటి అడుగు వరసలో ర్యామ్ వేగం పెంచుకునే వీలుండదు, స్లాట్లూ రెండే.

ఆటలు దాచుకునే ఎస్‌ఎస్‌డీ, వేగమైన ఎన్‌వీఎంఈ రకం, 1 టీబీ. సెకనుకి 7000 ఎంబీ చదువుతుందని గొప్పగా రాస్తారు. 3500 దానితో పోలిస్తే ఆట తెరుచుకోవడంలో తేడా మీ గడియారానికి అందితే గొప్పే. క్యాబినెట్‌కి ముందు వైపు జాలీ ఉండాలి, గాజు పలక కాదు. ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచి బయటికి. ఇంకేమైనా మిగిలితే రంగురంగుల దీపాలు పెట్టుకోండి, నేనేం అనను.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: "అన్నా, నాది పాత పెట్టె. ఏది మార్చాలో ఎలా తెలుస్తుంది? ప్రాసెసర్ 35 శాతమే వాడుతున్నట్టు చూపిస్తోంది, కాబట్టి కార్డే కదా?")

ఆ 35 నిన్ను మోసం చేస్తోంది తమ్ముడూ. అది అన్ని కోర్ల సగటు. ఆటలో ముఖ్యమైన థ్రెడ్ ఒకటి నిండిపోయి, మిగతావి ఖాళీగా కూర్చున్నా 35 అనే చూపిస్తుంది. ప్రాసెసర్ అంకె వదిలేసి కార్డు అంకె చూడు. ఫ్రేములకి పరిమితి ఏదీ పెట్టకుండా ఆడుతున్నప్పుడు కార్డు 97, 98 దగ్గరుంటే అది తన పని తాను చేస్తోంది, వేగం కావాలంటే కార్డే మార్చాలి. 60, 70 దగ్గర తచ్చాడుతుంటే దానికి పని అందట్లేదు. ఇంకా అనుమానముంటే రిజల్యూషన్ బాగా తగ్గించి చూడు. ఫ్రేములు ఎగిరితే కార్డు, కదలకపోతే ప్రాసెసర్ లేదా ర్యామ్. పైసా ఖర్చు లేని పరీక్ష.

(ఒక అమ్మాయి: "సార్, నేను కొత్త కార్డు పెట్టాను. ముందుకీ ఇప్పటికీ ఏం తేడా లేదు.")

మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చావమ్మా? వెనక పైన మదర్‌బోర్డు దగ్గరా, కింద కార్డు దగ్గరా?

("... పైన.")

(నవ్వులు, చప్పట్లు)

నవ్వకండి, నవ్వకండి. నేను 144 హెర్ట్జ్ మానిటర్ కొని ఏడాదిన్నర 60 మీదే ఆడాను. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి మార్చాలని ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాదిన్నరా "అబ్బ, 144 అంటే ఎంత నున్నగా ఉందో" అని అందరికీ చెప్పుకు తిరిగాను కూడా. పైన గుచ్చితే కొత్త కార్డుకి పనే ఉండదు, నువ్వు కేబుల్ కిందకి మార్చు, ఆ తర్వాత ఆ సెట్టింగు కూడా ఒకసారి చూసుకో తల్లీ.

ఇంకొకటి, టైమైపోయిందంటున్నారు. ఎవరైనా కార్డు కొనబోతుంటే, ముందు టేపు పెట్టి మీ క్యాబినెట్ లోపల పొడవు కొలుచుకోండి. ముందు ఫ్యాన్లు బిగించి ఉన్నట్టుగానే కొలవండి, తీసేసి కాదు.